ఒకటి అనేకమయ్యే చోట

మా మేనకోడలు బెంగళూరులో జర్మన్ నేర్చుకుంటోంది. సంక్రాంతికి మా ఊరు చిలమత్తూరు వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ తన నోటుబుక్కు నా ముందుకు తోసింది. ప్రతి పేజీలోనూ మూడు వరుసలు. మొదటి దాంట్లో మాట లింగాన్ని చెప్పే డెర్, డీ, దాస్. రెండో దాంట్లో మాట. మూడో దాంట్లో ఆ మాటకు బహువచనం.

"చూడు మామా, ఒక్కో మాటకు ఒక్కో తీరు. అన్నీ బట్టీ కొట్టాల్సిందే. మనకైతే లు తగిలిస్తే చాలు కదా!" అంది.

"నీ కండ్లూ కాళ్లూ చేతులూ చూసుకుని చెప్పు, లు తగిలిస్తే చాలిందా?" అన్నాను.

ఒలిచే చేయి ఆగింది. కన్నుకు లు తగిలిస్తే కండ్లు ఎలా అయింది? కాలులు అనకుండా కాళ్లు ఎందుకంటున్నాం? చెయ్యిలో లేని 'త' చేతుల్లోకి ఎక్కడినుంచి వచ్చింది? ఇరవై ఏళ్లుగా తప్పు లేకుండా పలుకుతున్న మాటలే. ఎవరూ నేర్పలేదు, ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ సాయంత్రం మొదలైన మాట పండగ మూడు రోజులూ నడిచింది. ఒకటిని అనేకం చేయడానికి ఈ రెండు భాషలూ చూపించే పనితనం ఎంత గొప్పదో నాకు అప్పుడే పూర్తిగా తెలిసివచ్చింది.

ముందు జర్మన్ సంగతి. 'కిండర్‌గార్టెన్' అనే మాట మన ఊళ్లలో కూడా బడి గోడల మీద కనిపిస్తుంది. 1840లో ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ తన పిల్లల బడికి పెట్టుకున్న పేరది. గార్టెన్ అంటే తోట. కింట్ అంటే బిడ్డ, కిండర్ అంటే బిడ్డలు. కాబట్టి మన చంటిపిల్లల్ని బడిలో వేసేటప్పుడు మనకు తెలియకుండానే ఒక జర్మన్ బహువచనం పలుకుతున్నాం. అందులోని చిన్న విశేషం చూడండి. ఏకవచనంలో చివర ట వినిపిస్తుంది: కింట్. రాసేటప్పుడు మాత్రం అక్కడ డ రాస్తారు. మాట చివర డ, గ వంటివి జర్మన్ నోట ట, క అయిపోతాయి. వెనక ఇంకో అచ్చు చేరగానే దాగి ఉన్న డ బయటపడుతుంది: కిండర్. రోజును టాక్ అంటారు, రోజుల్ని టాగె అంటారు. ఏకవచనం దాచిన అక్షరాన్ని బహువచనం తెరిచి చూపిస్తుంది.

జర్మన్ బహువచనానికి ప్రత్యయాలు ప్రధానంగా నాలుగు: ఎ, ఎర్, ఎన్, స్. ఏ ప్రత్యయమూ చేరని మాటలు కూడా చాలా ఉన్నాయి. ఉపాధ్యాయుడు ఒకరైనా పదిమంది అయినా లేరర్ అనే అంటారు. ఫ్రౌ అంటే స్త్రీ, ఫ్రౌఎన్ అంటే స్త్రీలు. ఔగె అంటే కన్ను, ఔగెన్ అంటే కన్నులు. ఔటో కారు, ఔటోస్ కార్లు. అయితే ఆ భాష అసలు నేర్పు ఈ తోకల్లో లేదు, మాట నడుములో ఉంది. గాస్ట్ అంటే అతిథి, అతిథులు గెస్టె. హంట్ అంటే చెయ్యి, చేతులు హెండె. హౌస్ అంటే ఇల్లు, ఇండ్లు హొయ్‌జర్. తోక చేరేటప్పుడు లోపలి అచ్చు కూడా మారింది. తల్లి అనే మాటలో తోక కూడా లేదు. ముటర్ అంటే తల్లి, మ్యుటర్ అంటే తల్లులు. ఒక్క అచ్చు మారడంతోనే ఒకరు పలువురయ్యారు.

ఈ మార్పును ఉమ్లౌట్ అంటారు. కథల గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడైన యాకోబ్ గ్రిమ్ మంచి వ్యాకరణవేత్త. జర్మన్ భాషా చరిత్ర మీద ఆయన రాసిన వ్యాకరణం మొదటి సంపుటం 1819లో వచ్చింది. ఇలాంటి మార్పుల వెనక చరిత్ర ఉందని లోకానికి చూపిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. ఉమ్లౌట్ చరిత్ర ఇదీ. వెయ్యేళ్ల కిందటి పాత జర్మన్‌లో అతిథి గస్ట్, అతిథులు గెస్టి. చివర ఒక ఇ ఉంది చూశారా? ఆ ఇ పలకబోయే నాలుక ముందుగానే సిద్ధమై, ముందున్న అ ను తన వైపు లాక్కుని ఎ చేసింది. కాలం గడిచేకొద్దీ ఆ ఇ అరిగి, తేలికైన ఎ గా మిగిలింది. లాగిన చేయి పోయినా లాగిన గుర్తు నిలిచింది. తర్వాత్తర్వాత ఆ గుర్తే బహువచనానికి పనిముట్టయింది. ఎన్నడూ చివర ఇ లేని మాటలకు కూడా పోలిక మీద పాకింది. తండ్రి ఫాటర్, తండ్రులు ఫేటర్ అయింది అలాగే. ఒకప్పటి ఉచ్చారణ సౌలభ్యం ఒక వ్యాకరణ నియమంగా గట్టిపడటం నాకు ఎంతో అందంగా తోచింది.

ఇప్పుడు ఆ ఇ ని మనసులో పెట్టుకుని మన పిల్లిని చూడండి. పిల్లి, పిల్లులు. కత్తి, కత్తులు. బావి, బావులు. చివరి ఇ ఉ గా మారింది. ఎందుకు? లు లోని ఉ వెనక్కి చేయి చాచి ఆ ఇ ని తనలా మార్చుకుంది. మనిషి అనే మాటలో ఈ లాగుడు మరీ స్పష్టం. మనిషి, మనుషులు: ని, షి రెండూ ను, షు అయ్యాయి. వెనకున్న అచ్చు ముందున్న అచ్చును తన వైపు లాక్కోవడం జర్మన్ గెస్టెలో జరిగింది, మన మనుషుల్లోనూ జరిగింది. ఏడు సముద్రాల అవతలి రెండు భాషలు, ఒక దానికి ఒకటి చుట్టం కావు, అయినా నోరు చేసే పని ఒక్కటే.

తేడా ఎక్కడుందంటే, జర్మన్‌లో ఆ లాగుడు మాట గుండె దాకా పోయింది. తెలుగులో మొదటి అక్షరం ముందర ఆగిపోయింది. పిల్లి పిల్లులు అవుతుంది గానీ పుల్లులు కాదు. మొదటి అక్షరం మాటకు మొహం లాంటిది. తెలుగు ఆ మొహాన్ని దాదాపు ముట్టుకోదు, కొసనే వంచుతుంది. బహువచనం ఎంత వంకర తిరిగినా మాట ఏదో వెంటనే గుర్తుపట్టగలుగుతున్నామంటే కారణం ఇదే.

ఆ కొసను వంచే తీరులో మరింత నేర్పుంది. చెట్టు, చెట్లు. మెట్టు, మెట్లు. బండి, బండ్లు. ఇక్కడ ఉ, ఇ పూర్తిగా జారిపోయాయి. బస్సు, ముక్కు, చెప్పు మాత్రం అలా చేయవు: బస్సులు, ముక్కులు, చెప్పులు. ఎందుకని? ట, డ, ర, ల పలికేటప్పుడు నాలుక కొన అంగిలి దగ్గర ఎక్కడుంటుందో, లు పలకడానికి కూడా దాదాపు అక్కడికే పోవాలి. మధ్యలో ఒక ఉ కోసం కిందికి దిగి మళ్లీ ఎక్కడం వృథా శ్రమ. అందుకే నాలుక ఆ ఉ ను వదిలేస్తుంది. క, ప, స ల దగ్గర ఆ సౌకర్యం లేదు, కాబట్టి ఉ ఉండాల్సిందే. దొడ్లో కట్టేసిన వాటిని చూడండి: ఎద్దులు అంటాం, గొడ్లు అంటాం. ద దగ్గర ఉ నిలిచింది, డ దగ్గర జారింది. ఒక్క పశువుల దొడ్డిలో తెలుగు ధ్వనిశాస్త్రం సగం కనిపిస్తుంది.

ల తో ముగిసే మాటలు ఇంకో మెట్టు పైకెక్కుతాయి. కాలు, కాళ్లు. వేలు, వేళ్లు. వాకిలి, వాకిళ్లు. నాగలి, నాగళ్లు. కొడవలి, కొడవళ్లు. రెండు ల లు ఒకదాని మీద ఒకటి పడితే, ఆ బరువుకు నాలుక వెనక్కి మడుచుకుని ళ్ల అవుతుంది. కానీ పులిని ఏమీ చేయలేదు. పులి, పులులు. నెమలి నెమళ్లు అయినట్టు పులి పుళ్లు కాలేదు. పులిలో ఉన్నవి రెండే అక్షరాలు, రెండూ హ్రస్వాలే. అందులోంచి ఒకటి తీసేస్తే మాటే మిగలదు. నెమలికి అంత భయం లేదు, ఒక అక్షరం పోయినా తట్టుకోగలదు. మాట ఎంత కోతను భరించగలదో చూసి కోయడం మంచి పనివాడి లక్షణం. మన నోరు ఆ లెక్క రోజూ చేస్తోంది.

తూకం తెలిసిన పని మరొకటి ఉంది. గుర్రము, గుర్రములు, గుర్రాలు. ము పోయింది, దాని ముందున్న అ దీర్ఘమై ఆ అయింది. పుస్తకాలు, మంచాలు, దేశాలు అన్నీ ఇలాగే వచ్చాయి. పళ్లెంలో ఉన్నది ఎ కాబట్టి పళ్లేలు అవుతుంది. ఛందస్సు చదివినవాళ్లు మాత్రలు వేసి చూడండి. గుర్రములులో గు రెండు మాత్రలు, ర్ర ఒకటి, ము ఒకటి, లు ఒకటి, మొత్తం ఐదు. గుర్రాలులో గు రెండు, ర్రా రెండు, లు ఒకటి, మళ్లీ ఐదే. అక్షరం తగ్గింది, బరువు తగ్గలేదు. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన 'బాలవ్యాకరణం'లో ఈ ము లోపానికీ దీర్ఘానికీ ఉన్న సంబంధాన్ని ఒక సూత్రంలో బంధించాడు. నోటిలో అప్పటికే ఉన్న తూకాన్ని ఆయన గమనించి రాశాడు. గమనించడం కూడా పెద్ద విద్యే.

ఇక చెయ్యి. చెయ్యి, చేతులు. నుయ్యి, నూతులు. గొయ్యి, గోతులు. ఈ మాటలకు లోపల ఇంకో రూపం దాగి ఉంది: చేతి గాజు, నూతి నీళ్లు అనేటప్పుడు అది బయటికి వస్తుంది. బహువచనం ఆ దాగిన రూపాన్ని అందుకుని దానికి లు చేరుస్తుంది. జర్మన్ కింట్‌లో దాగిన డ కిండర్‌లో బయటపడినట్టే, చెయ్యిలో దాగిన త చేతుల్లో బయటపడింది. అయితే ఒకే ప్రాసలో కనిపించే మాటలన్నీ ఒకే దారి పట్టవు. వెయ్యి వేలు అవుతుంది, పొయ్యి పొయ్యిలు అవుతుంది, రాయి రాళ్లు అవుతుంది. ఈ నాలుగైదు మాటల దగ్గర తెలుగు కూడా జర్మన్ లాగే జ్ఞాపకం మీద నడుస్తుంది.

మా ప్రాంతపు నోటి గురించి ఒక మాట ప్రేమగా చెప్పాలి. కోస్తాలో ఇళ్లు, కళ్లు, వాళ్లు అంటారు. రాయలసీమ పల్లెల్లో ఇండ్లు, కండ్లు, వాండ్లు అంటాం. చిన్నప్పుడు బడిలో ఒక అయ్యవారు కండ్లు అన్నందుకు నన్ను నిలబెట్టి కళ్లు అనిపించారు. అది మోటు అని ఆయన నమ్మకం. ఇప్పుడు ఆ మాటను దగ్గరగా చూస్తే అందులో ఎంత పొందిక ఉందో తెలుస్తోంది. ఇంటికి, కంటికి, పంటికి అంటాం కదా, ఆ సున్నా ఇండ్లులో, కండ్లులో, పండ్లులో అలాగే నిలిచింది. ఇల్లు, ఇంటి, ఇండ్లు: మూడు రూపాల మధ్య అతుకు కంటికి కనిపిస్తుంది. పాత కావ్యాల తెలుగులో ఇండ్లు, ఏండ్లు, పండ్లు అన్న రూపాలే ప్రసిద్ధం. ఇళ్లు అనే రూపం ఆ అతుకును నున్నగా రాసి కనపడకుండా చేసింది. అదీ అందమే. కానీ అతుకు కనబడే పనిని మోటు అనకూడదు. మా పిల్లలు కండ్లు అన్నప్పుడు పెద్దలు దిద్దకుండా, అందులోని సున్నా ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలిగితే ఎంత బాగుంటుంది!

చిలమత్తూరు నుంచి కొడికొండ చెక్‌పోస్టు దాటితే కన్నడ సీమ. బాగేపల్లి సంతకు పోయి వచ్చేవాళ్లకు రెండు భాషలూ నోటికి వస్తాయి. కన్నడంలో చెట్లు మరగళు, ఇండ్లు మనెగళు, కాళ్లు కాలుగళు. తమిళంలో కళ్, కన్నడలో గళు, తెలుగులో లు, ఇవన్నీ ఒకే కుటుంబపు పోలికలు. కానీ కన్నడ మాట దాదాపు చెక్కు చెదరకుండా నిలబడి గళును పక్కన నిలబెట్టుకుంటుంది. తెలుగు మాట కొస వంచి లు ను కలుపుకుంటుంది. జర్మన్ మాట నడుమే మార్చుకుంటుంది. చెక్‌పోస్టుకు ఇటూ అటూ నిలబడి, చేతిలో ఆ నోటుబుక్కు పట్టుకుంటే, ఒక్క పనికి మూడు పద్ధతులు కనిపిస్తాయి.

ఏది బహువచనం కావాలి, ఏది కాకూడదు అన్న వివేకం కూడా ఈ పనితనంలో భాగమే. చేలో ఉన్నంతకాలం పంట బహువచనం: వడ్లు, రాగులు, కందులు, ఉలవలు, పెసలు. మరకు పోయి వచ్చి వంటింట్లోకి చేరగానే ఏకవచనం: బియ్యం, రాగిపిండి, కందిపప్పు. రైతు గింజను గింజగా చూస్తాడు, వండే మనిషి దాన్ని ఒక ముద్దగా చూస్తుంది. హిందూపురం మార్కెట్టుకు బండ్ల కొద్దీ చింతపండు వస్తుంది. పండు పండ్లు అవుతుంది గానీ, ఎన్ని బస్తాలైనా చింతపండు చింతపండే. చెట్టు మీద ఉన్నప్పుడు మాత్రం చింతకాయలు. ఈ వరుసను దాటి నిలిచేవి నీళ్లు, పాలు. లెక్కించలేనివే అయినా వీటిని తెలుగు మామూలుగా బహువచనంలో వాడుతుంది. జర్మన్ వాళ్లకు నీరు, పాలు రెండూ ఏకవచనమే. తల్లిదండ్రులను కలిపి చెప్పే ఎల్టెర్న్ అనే మాటను మాత్రం వాళ్లు ఎప్పుడూ బహువచనంలోనే వాడతారు.

బహువచనం మనుషుల లెక్కను కూడా మార్చేస్తుంది. వాడు వచ్చినాడు అంటాం. ఆయమ్మ వచ్చింది, ఆవు వచ్చింది అంటాం. ఏకవచనంలో క్రియ స్త్రీని, పశువును ఒకే వరుసలో నిలబెట్టింది. పదిమంది అయితే, ఆడవాళ్లు వచ్చినారు, మగవాళ్లు వచ్చినారు, ఆవులు వచ్చినాయి. పలువురు కలవగానే ఆడవాళ్లు మనుషుల వరుసలోకి వచ్చేశారు. జర్మన్‌లో ఇంకో విధంగా జరుగుతుంది. డెర్, డీ, దాస్ అని మూడు లింగాలకు మూడు గుర్తులున్నా, బహువచనంలో అన్నిటికీ ఒక్క డీ యే. మగ, ఆడ, నపుంసక తేడాలు గుంపులో కరిగిపోతాయి. విభక్తుల్లోనూ అంతే. తెలుగులో ఇంటి, కాలి, ఊరి, చేతి అని ఏకవచనం ఎన్ని రూపాలు దాల్చినా బహువచనానికి ఒక్క ల చాలు: ఇండ్ల, కాళ్ల, ఊర్ల, చేతుల. జర్మన్‌లో చతుర్థి వంటి ఒక విభక్తిలో బహువచనాలు దాదాపు అన్నీ న్ తోనే ముగుస్తాయి. ఒక్కొక్కరుగా వచ్చినప్పుడు ఎవరి తీరు వారిదే, గుంపులో చేరాక అందరికీ ఒకే తీరు.

ఇలా చూస్తే, మూడు వందల ఏళ్ల కిందట ఒక జర్మన్ తెలుగు వ్యాకరణం రాయడం నాకు ఆశ్చర్యంగా లేదు. బెంజమిన్ షుల్జె అనే ప్రొటెస్టెంటు మిషనరీ 1719లో తరంగంబాడిలో దిగి, తర్వాత మద్రాసు చేరి, 1728లో లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణాన్ని పూర్తిచేశాడు. స్వదేశానికి తిరిగిపోయాక 1746లో హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఆ వ్యాకరణం మాత్రం రెండున్నర శతాబ్దాలు రాతప్రతిగానే ఉండి 1984లో అచ్చయింది. గాస్ట్‌ను గెస్టె చేసే నోరు మనిషిని మనుషులు చేయడం నేర్చుకున్నది షుల్జె రోజుల్లోనే.

ఈ పనితనం పాతబడిపోయిందేమో అనుకుంటే కొత్త మాటల్ని చూడండి. రైలు మనది కాదు, అయినా రైళ్లు అన్నాం. స్కూలు స్కూళ్లు, ఫైలు ఫైళ్లు. ఓటు ఓట్లు, నోటు నోట్లు, రోడ్డు రోడ్లు. కార్డు మాత్రం కార్డులు, కోర్టు కోర్టులు. అక్కడ ఉ తీసేస్తే మూడు హల్లులు ఒకదానికొకటి తగులుకుంటాయి, నోరు ఒప్పుకోదు. ముల్లు ముళ్లు అయినట్టు బిల్లు బిళ్లు కాలేదు. ఇల్లు, ముల్లు నిన్నామొన్నటివి కావు, బిల్లు కొత్తది. కొత్త మాటల్లో రైలు లాంటివి వంగినా, బిల్లును మాత్రం తెలుగు వంచకుండా బిల్లులు అని సరిపెట్టింది. జర్మన్ కూడా చాలా కొత్త మాటలకు, ఇంటిపేర్లకు తన నాలుగు ప్రత్యయాల్లో తక్కువ వాడకం ఉన్న స్ నే ఇస్తుంది. థామస్ మాన్ 1901లో రాసిన నవల పేరు 'బుడెన్‌బ్రోక్స్', అంటే బుడెన్‌బ్రోక్ ఇంటివాళ్లు. వచ్చినవారికి కష్టం లేని పీట వేయడం రెండు భాషల మర్యాద.

మా పొలంలో బోరు వేసినప్పుడు ఎవరూ వ్యాకరణం అడగలేదు. బోర్లు, మోటార్లు, మీటర్లు అన్నీ ఊరంతా ఒకే రోజున ఒకే విధంగా అనేశారు. జర్మన్ పిల్లలు కూడా అంతే, తమ మూడో వరుసను నోటుబుక్కు లేకుండానే నేర్చుకుంటారు. జర్మన్ తన నేర్పును జ్ఞాపకంలో దాచుకుంది, అందుకే వాళ్ల నిఘంటువులు ప్రతి మాట పక్కనా బహువచనం రాస్తాయి. తెలుగు తన నేర్పును చెవిలో దాచుకుంది, అందుకే మన నిఘంటువులకు చాలా మాటల దగ్గర ఆ పని లేదు. అక్కడా ఇక్కడా పనివాళ్లు పేరు లేనివాళ్లే: అరుగుల మీద, పొలాల్లో, సంతల్లో మాట్లాడుతూ తరతరాలుగా మాటల కొసలను నున్నగా చేసినవాళ్లు.

పండగ అయిపోయి మేనకోడలు బెంగళూరు బస్సు ఎక్కేముందు నోటుబుక్కు మళ్లీ చూపించింది. మూడు వరుసల పక్కన పెన్సిలుతో నాలుగో వరుస గీసింది, అందులో తెలుగు. హంట్, హెండె అని ఉన్నచోట చెయ్యి, చేతులు అని రాసుకుంది. ఔగె, ఔగెన్ పక్కన మొదట కళ్లు అని రాసి, కొట్టేసి, కండ్లు అని రాసింది.